ఎడమ చేతికి సెలవిచ్చిన మెకానిక్

పోయిన సెమిస్టర్‌లో నాన్న తన పాత బండి నాకిచ్చారు. సిగ్నల్ దగ్గర ఆగితే న్యూట్రల్ పడేది కాదు. క్లచ్ మొత్తం నొక్కినా బండి ముందుకు పాకేది. ఫస్ట్ గేర్ వేస్తే టప్‌మని సౌండ్, వెనకాల వాళ్ల హారన్లు. నాకే నడపడం రావట్లేదేమో అని రెండు వారాలు నన్ను నేనే తిట్టుకున్నాను.

చివరికి మెకానిక్ అన్న లివర్‌ని వేలితో ఊపి చూసి, క్లచ్ వైర్ లూజైందని తేల్చేశాడు. లివర్ చివర మామూలుగా ఒకటి, రెండు సెంటీమీటర్ల ఆట ఉంటే చాలు. అంతకంటే ఎక్కువైతే, మనం ఎంత నొక్కినా లోపల ప్లేట్లు పూర్తిగా విడిపోవు. ఇంజిన్ గేర్‌బాక్స్‌ని తిప్పుతూనే ఉంటుంది, అందుకే గేర్ మొండికేస్తుంది. అసలు ఆట లేకుండా బిగించేస్తే ఇంకో తలనొప్పి, ప్లేట్లు జారిపోయి బండి లాగదు. అన్న నట్టు రెండు చుట్లు తిప్పాడు, అంతే.

అంటే తప్పు నా కాలిది కాదు. ఈ ఒక్క మాటని సీరియస్‌గా తీసుకున్న మనిషి కథే ఇది. పేరు మీకు తెలుసు, ఎన్నో బళ్ల ట్యాంకుల మీద చూసే ఉంటారు. సోయిచిరో హోండా.

1906 నవంబర్ 17న జపాన్‌లోని హమమత్సు దగ్గర ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి గిహేయ్ కమ్మరి, సైకిళ్లు కూడా బాగుచేసేవాడు. తల్లి మికా నేత నేసేది. పిల్లాడికి పుస్తకాల కంటే కొలిమి దగ్గరే ఎక్కువ పని. కుడి చేత్తో సుత్తి పడితే దెబ్బలన్నీ ఎడమ చేతికే తగులుతాయి కదా. పెద్దయ్యాక తన ఎడమ చేతి బొమ్మ తనే గీసి, ఏ గాయం దేనివల్ల అయిందో గుర్తులు పెట్టాడు.

1922లో టోక్యోలో ఆర్ట్ షోకాయ్ అనే కార్ల రిపేర్ షాపులో చేరాడు. మొదట్లో అప్పజెప్పిన పని ఓనర్ గారి పసిబిడ్డని ఎత్తుకోవడం! మరుసటి ఏడాది కాంటో భూకంపం వచ్చి టోక్యో తగలబడిపోయింది. పాడైన బళ్లు ఎన్నో బాగు చెయ్యాల్సొచ్చింది, పని అప్పుడు చేతికొచ్చింది. 1928లో హమమత్సులో ఆ షాపుకే బ్రాంచ్ తెరిచాడు.

తర్వాత పిస్టన్ రింగులు తయారు చేద్దామనుకున్నాడు. రాత్రింబవళ్లు కష్టపడ్డా రింగులు పనికిరాలేదు. అప్పటికే పెళ్లై, ఊళ్లో మంచి మెకానిక్‌గా పేరున్న మనిషి, తనకి లోహాల గురించి తెలియదని ఒప్పుకుని టెక్నికల్ స్కూల్లో కుర్రాళ్ల మధ్య కూర్చున్నాడు. లోహంలో సిలికాన్ తక్కువైందని అక్కడే తెలిసింది. తనకి కావల్సిన క్లాసులు విన్నాడు, పరీక్షలు మాత్రం రాయలేదు. డిప్లొమా రాలేదు. (ఇది మన హెచ్ఓడీ గారికి చూపించకండి.) ఆ తర్వాత కూడా టొయోటాకి తనిఖీకి ఇచ్చిన 50 రింగుల్లో పాసైనవి మూడే. పట్టు వదలకుండా కంపెనీని నిలబెట్టాడు. యుద్ధం, 1945 భూకంపం కలిసి దాన్ని దెబ్బతీశాయి. మిగిలింది టొయోటాకే అమ్మేశాడు.

యుద్ధం అయ్యాక జపాన్‌లో తిండి గింజల కోసం కూడా సైకిల్ మీద ఊళ్లు తిరగాల్సిన పరిస్థితి. 1946లో హోండాకి సైన్యం వాడిన వైర్‌లెస్ సెట్ల చిన్న జనరేటర్ ఇంజిన్లు దొరికాయి. వాటిని సైకిల్‌కి బిగించాడు. నడిపి చూడమని భార్య సాచికి ఇచ్చాడు. ఆవిడ తిరిగొచ్చేసరికి కార్బురేటర్ నుంచి ఎగజిమ్మిన ఆయిల్‌తో బట్టలు పాడైపోయాయి. ఇలా అయితే కొన్నవాళ్లు తిడతారని ఆవిడ మొహం మీదే చెప్పింది. అమ్మకానికి పెట్టే బండిలో ఆ లోపం సరిచేశారు. మన భాషలో చెప్పాలంటే కంపెనీకి మొదటి టెస్టర్ సాచి గారే.

1948లో హోండా మోటార్ కంపెనీ మొదలైంది. 1949 ఆగస్టులో మొదటి అసలైన మోటార్‌సైకిల్ వచ్చింది. అదే డ్రీమ్ డి-టైప్, 98 సీసీ టూ స్ట్రోక్. కొత్తవాళ్లు క్లచ్ దగ్గరే తడబడతారు కాబట్టి దీనికి క్లచ్ లివరే పెట్టలేదు. గేర్ పని అంతా కాలి పెడల్‌దే. ఐడియా బాగుంది కదా? మొదట బాగానే అమ్ముడైంది కూడా. కానీ లో గేర్‌లో ఉన్నంతసేపూ పెడల్‌ని కాలివేళ్లతో తొక్కిపట్టాలి. పొడుగాటి ఎత్తు ఎక్కాలంటే కాలు లాగేస్తుంది. చేతి కష్టం తీసి కాలికి పెట్టాడన్నమాట. జనం ఫోర్ స్ట్రోక్ వైపు మొగ్గడం కూడా తోడై, అమ్మకాలు పడిపోయాయి.

అదే ఏడాది కంపెనీలోకి తకేవో ఫుజిసావా వచ్చాడు. అమ్మకాలు, డబ్బు ఆయన చూసుకునేవాడు, ఇంజిన్లు హోండా చూసుకునేవాడు. 1956 చివర్లో ఇద్దరూ యూరప్ వెళ్లి అక్కడి చిన్న బళ్లు చూశారు. మట్టిరోడ్ల జపాన్‌కి అవేవీ పనికిరావని ఫుజిసావాకి అనిపించింది. తిరిగొచ్చి కొత్త బండి మొదలుపెట్టారు. కొలత ఏమిటంటే, సోబా నూడుల్స్ డెలివరీ కుర్రాడు ఒక చేత్తో పళ్లెం పట్టుకుని రెండో చేత్తో నడపగలగాలి.

అంటే ఎడమ చేతికి క్లచ్ ఉండకూడదు. డి-టైప్‌లో ఓడిపోయిన ప్రశ్నే మళ్లీ ఎదురొచ్చింది. ఈసారి కష్టాన్ని కాలికి బదిలీ చెయ్యలేదు. ఇంజిన్ వేగం పెరిగితే లోపలి బరువులు బయటికి నెట్టుకుని క్లచ్ దానంతటదే పట్టుకుంటుంది, వేగం తగ్గితే వదిలేస్తుంది. ఇదే సెంట్రిఫ్యూగల్ క్లచ్. సూత్రం పాతదే, మన ఊళ్లలో తిరిగే టీవీఎస్ మోపెడ్‌లో ఉన్నదీ ఆ సూత్రమే. కానీ ఇక్కడ మూడు గేర్లు ఉన్నాయి. అందుకని గేర్ పెడల్ తొక్కగానే ముందు క్లచ్ విడిపోయి, తర్వాత గేర్ మారేలా చేశారు. తొక్కి వదిలేస్తే చాలు, పట్టుకునే పనిలేదు. ఇండికేటర్ స్విచ్ కూడా కుడి వైపుకే మార్చారు.

1958 ఆగస్టులో సూపర్ కబ్ వచ్చింది. 50 సీసీ ఫోర్ స్ట్రోక్, 4.5 హార్స్‌పవర్. 2017 నాటికి ఆ కుటుంబంలోని బళ్లు పది కోట్లు తయారయ్యాయి.

ఇంత చేసిన మనిషి సాధువేం కాదు. కోపమొస్తే పనిముట్లు విసిరేవాడు, కుర్రాళ్ల మీద చెయ్యి చేసుకునేవాడు. 1960ల చివర్లో కార్ల ఇంజిన్లకి గాలితో చల్లబరిచే పద్ధతే కావాలని మొండిపట్టు పట్టాడు. నీళ్లతో చల్లబరిచేదే సరైనదని కుర్ర ఇంజినీర్లు వాదించారు. ఫుజిసావా మధ్యలోకొచ్చి, ఆయన ప్రెసిడెంటా ఇంజినీరా తేల్చుకోమన్నాక హోండా తగ్గాడు. ఆ కుర్రాళ్ల పని 1972లో సీవీసీసీ ఇంజిన్‌గా పేరు తెచ్చుకుంది. మరుసటి ఏడాదే హోండా, ఫుజిసావా ఇద్దరూ కలిసి తప్పుకున్నారు.

రిటైరయ్యాక దేశంలోని హోండా షాపులన్నీ తిరిగి, పనివాళ్లతో చేతులు కలిపాడు. ఒక మెకానిక్ తన చేతికి గ్రీజు ఉందని వెనక్కి తీసుకోబోతే, ఆ చేతినే గట్టిగా పట్టుకున్నాడట. 1991 ఆగస్టు 5న, 84వ ఏట చనిపోయాడు. కంపెనీ తరఫున పెద్ద అంత్యక్రియలు వద్దని ముందే చెప్పాడు. కారణం, ట్రాఫిక్ జామ్ అయి జనానికి ఇబ్బంది అవుతుందని!

మనం రాసిన యాప్ ఫ్రెండ్ ఫోన్‌లో పనిచెయ్యకపోతే, వాడికి వాడటం రాదని మనం ఎంత ఈజీగా అనేస్తాం. హోండాకి కూడా సాచి గారి బట్టలు, డి-టైప్ నడిపినవాళ్ల కాళ్లు చెప్తే గానీ తన తప్పు తెలియలేదు. తేడా ఏంటంటే, తెలిశాక వాళ్లకి నడపడం నేర్పలేదు. బండినే మార్చాడు.