వేడి లెక్క తేల్చిన హెస్సు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందు సున్నముతో ఇండ్లు కట్టిన పెద్దలకు ఒక వింత బాగుగా తెలియును. బట్టీలో కాల్చి చల్లార్చిన సున్నపురాయిపై నీరు పోసినచో, క్రింద నిప్పు లేకున్నను అది కుతకుత ఉడుకును. ఆ వేడి ఎక్కడిది? ఇట్టి ప్రశ్నలకు లెక్కతో సమాధానము చూపిన శాస్త్రజ్ఞుడు జెర్మేన్ ఆన్రీ హెస్సు.

ఆయన 1802లో జెనీవా నగరమున జన్మించెను. చిత్రకారుడగు తండ్రి రష్యాకు వలసపోగా బాలుడు అచ్చటనే పెరిగెను. 1825లో దోర్పాత్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, స్టాక్‌హోమ్‌లో బెర్జీలియస్ పండితుని వద్ద కొద్దికాలము రసాయన శాస్త్రము నభ్యసించెను. సైబీరియాలోని ఇర్కుట్స్కులో వైద్యము చేయుచునే ఖనిజములను, ఊటనీటిని పరీక్షించెను. 1830లో సెయింట్ పీటర్స్‌బర్గు చేరి వైద్యవృత్తిని విడిచెను.

పుట్టుకచే పరదేశీయుడైనను ఆయన రష్యను భాషలోనే రసాయన శాస్త్ర గ్రంథము వ్రాసెను. అది దశాబ్దములపాటు ఆ దేశ విద్యార్థులకు ప్రామాణికమై నిలిచినది. సూర్యాపేట కోదాడల నడుమనున్న మునగాల సంస్థానపు దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి తెలుగున శాస్త్రగ్రంథములు వెలువరించినదియు ఇట్టి కృషియే.

హెస్సు గంధకామ్లమును ఒకమారు నేరుగా, ఒకమారు నీటితో పలుచన చేసి, అమోనియాతో కలిపి చూచెను. పలుచన చేయునపుడు పుట్టిన వేడిని, కలిపినపుడు పుట్టిన వేడిని కూడగా, మొత్తము ప్రతిమారు ఇంచుమించు ఒక్కటే. మొదటి పదార్థములు, చివరి పదార్థములు మారనంతవరకు, చర్య ఒక్క అంచెలో జరిగినను పది అంచెలలో జరిగినను మొత్తము వేడి మారదని 1840లో ఆయన ప్రకటించెను. శక్తినిత్యత్వ సూత్రము లోకమున స్థిరపడుటకు ముందే ఈ మాట చెప్పుట సామాన్యము కాదు.

సున్నమునకే ఈ లెక్క వర్తింపజేసి చూడవచ్చును. 100 గ్రాముల సున్నపురాయి బట్టీలో బొగ్గుపులుసు వాయువును విడుచుటకు సుమారు 178 కిలోజౌళ్ల వేడిని గ్రహించును. మిగిలిన 56 గ్రాములపై నీరు పోయగా 65 కిలోజౌళ్లు వెలువడును. గోడకెక్కిన సున్నము గాలిలోని అదే వాయువును పీల్చి మరల రాయిగా మారునపుడు తక్కిన 113 వెలువడును. మిక్కిలి మెల్లగా జరుగుటచే గోడను తాకినవారికి తెలియదు. తొట్టిలో నీటిని ఉడికించిన వేడి బట్టీలోని కట్టెలు ఇచ్చినదే.

క్రమముగా ఆరోగ్యము చెడి, హెస్సు 1850లో తన 48వ యేట సెయింట్ పీటర్స్‌బర్గున మరణించెను.