మెంఫిస్‌లో ఒక మాజీ టీచరమ్మ పాటల దుకాణం

అమెరికాలో టెనెసీ రాష్ట్రం. అందులో మిడిల్‌టన్ అనే చిన్న పల్లెటూరు. 1918 సెప్టెంబరు 11న అక్కడి ఒక రైతు కుటుంబంలో ఎస్టెల్ పుట్టింది. పెద్దయ్యాక బడిలో పాఠాలు చెప్పింది. మెంఫిస్ నగరానికి వచ్చి ఎవరెట్ ఆక్స్‌టన్‌ను పెళ్లి చేసుకుంది. ఇద్దరు పిల్లల తల్లయింది. ఆ తర్వాత యూనియన్ ప్లాంటర్స్ అనే బ్యాంకులో ఉద్యోగానికి కుదిరింది. ఈ బ్యాంకు పేరు కాస్త గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఆమెకు జిమ్ స్టీవర్ట్ అని ఒక తమ్ముడు, పన్నెండేళ్లు చిన్నవాడు. అతనిదీ బ్యాంకు ఉద్యోగమే, వేరే బ్యాంకు. పగలు లెక్కలు, సాయంత్రాలు ఫిడేలు. పల్లె బాణీల సంగీతమంటే ప్రాణం. 1957లో శాటిలైట్ అన్న పేరుతో చిన్న రికార్డుల కంపెనీ పెట్టాడు. ఒక కారు షెడ్డులో రికార్డింగు. సరైన యంత్రం లేదు, కొనడానికి డబ్బు లేదు. అక్కను అడిగాడు.

నలభై ఏళ్ల వయసు, నెల జీతం, ఇద్దరు పిల్లలు, ఒక ఇల్లు. ఆ ఇంటినే తాకట్టు పెట్టి ఎస్టెల్ 1958లో 2,500 డాలర్లు తెచ్చి తమ్ముడి చేతిలో పోసింది. ఆంపెక్స్ టేప్ రికార్డర్ వచ్చింది. తాకట్టు పెట్టిన ఇంట్లో నిద్ర ఎలా పడుతుందో తెలిసినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. వాయిదా కట్టకపోతే ఏమవుతుందో బ్యాంకులో పనిచేసే మనిషికి ఇంకా బాగా తెలుసు.

1960లో అక్కాతమ్ముళ్లు మెంఫిస్‌లోని ఈస్ట్ మెక్‌లెమోర్ అవెన్యూలో మూతపడిన ఒక సినిమా హాలును అద్దెకు తీసుకున్నారు. కుర్చీలు పీకేశారు. నేల వాలుగానే ఉండిపోయింది. గొంతులో ఏదో ప్రత్యేకమైన గుబులు వినిపించే ఆ హాలు ధ్వనికి ఆ వాలు కూడా ఒక కారణమని చాలామంది అంటారు. ముందు భాగంలో ఇంటర్వెల్‌లో తినుబండారాలు అమ్మే చోట ఎస్టెల్ రికార్డుల షాపు తెరిచింది.

నన్ను అడిగితే అసలు కథ ఆ షాపులోనే ఉంది. అది నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట. ఆనాటి మెంఫిస్‌లో తెల్లవారికీ నల్లవారికీ బడులు వేరు, హోటళ్లు వేరు. ఈ షాపులో మాత్రం ఎవరైనా వచ్చి నిలబడి పాట వినొచ్చు. ఎస్టెల్ ఎవర్నీ గదిమేది కాదు. పాట వేసి, వినేవాళ్ల మొహాలు చూసేది. ఎక్కడ తల ఊపారు, ఎక్కడ చూపు పక్కకు తిప్పారు, ఎందుకు కొన్నారు, ఎందుకు కొనకుండా వెళ్లారు... ఇదంతా లోపల స్టూడియోలో ఉన్నవాళ్లకు చేరేది. పాటలు రాసే కుర్రాళ్లకు బాగా అమ్ముడుపోతున్న రికార్డులు వినిపించి, అవి ఎందుకు అమ్ముడయ్యాయో ఆలోచించమనేది. క్లాసులో వెనక బెంచీ వరకు మొహాలు చదివే అలవాటు టీచర్లకు ఉద్యోగం మానినా పోదు. అందరూ ఆమెను లేడీ ఎ అని పిలిచేవారు.

ఆ షాపు చుట్టూ తిరిగిన పిల్లల్ని చూడండి. ఎదురుగా కిరాణా కొట్లో పనిచేసే డేవిడ్ పోర్టర్ తర్వాత పేరున్న పాటల రచయిత అయ్యాడు. కౌంటర్‌లో నిలబడి రికార్డులు అమ్మిన స్టీవ్ క్రాపర్ గొప్ప గిటారిస్టు. బుకర్ టి. జోన్స్ అప్పటికి హైస్కూలు విద్యార్థి. ఒక రికార్డింగుకు సాక్సోఫోన్ కావాల్సి వస్తే పోర్టర్ వెళ్లి అతన్ని క్లాసు నుంచి పిలుచుకొచ్చాడు. (టీచరుగా దీన్ని మెచ్చుకోలేను, అది వేరే సంగతి.) ఆ కుర్రాడి బృందమే 1962లో గ్రీన్ ఆనియన్స్ అనే వాద్యగీతంతో దేశమంతా మోగింది. అంత పేరు వచ్చాక కూడా అతను ఇండియానా విశ్వవిద్యాలయంలో సంగీతం చదివాడు. సెలవు రోజుల్లో మెంఫిస్ వచ్చి వాయించి వెళ్లేవాడు.

1961లో ఎస్టెల్ కొడుకు ప్యాకీ ఉన్న బృందం లాస్ట్ నైట్ అనే వాద్యగీతం చేసింది. జిమ్‌కు దానిమీద పెద్ద నమ్మకం లేదు. విడుదల చేసి తీరాలని ఎస్టెల్ పట్టుబట్టింది. అది దేశంలో మూడో స్థానం దాకా వెళ్లింది. ఆ హడావుడిలోనే శాటిలైట్ పేరుతో కాలిఫోర్నియాలో ఇంకో కంపెనీ ఉందని తేలింది. స్టీవర్ట్‌లో మొదటి అక్షరాలు, ఆక్స్‌టన్‌లో మొదటి అక్షరాలు కలిపి కంపెనీకి స్టాక్స్ అని పేరు మార్చారు. చర్చి పాటల ఆర్తిని మామూలు మనుషుల ప్రేమల్లోకీ బాధల్లోకీ తెచ్చిన సోల్ సంగీతానికి అది చిరునామా అయింది. ఓటిస్ రెడ్డింగ్ కూడా 1962లో వేరే బృందానికి డ్రైవరుగా వచ్చి, పాడే అవకాశం దొరికి నిలిచిపోయినవాడే.

1967 డిసెంబరు 10న విమాన ప్రమాదంలో ఓటిస్ పోయాడు. అతనితో పాటు ఆ పేటలోనే పెరిగిన బార్‌కేస్ బృందం కుర్రాళ్లు కూడా. నాలుగు నెలలకు మార్టిన్ లూథర్ కింగ్‌ను అదే మెంఫిస్‌లో, స్టాక్స్ కళాకారులు తరచూ దిగే లొరైన్ మోటెల్‌లో కాల్చి చంపారు. ఆ రోజుల్లోనే మరో దెబ్బ. తమ రికార్డుల్ని పంపిణీ చేసే అట్లాంటిక్ సంస్థ చేతులు మారింది. ఒప్పందం తిరగేసి చూస్తే, అన్నేళ్లుగా తాము చేసి వాళ్లకిచ్చిన పాటల అసలు టేపుల మీద హక్కు అట్లాంటిక్‌దేనని ఉంది. జిమ్ ఆ కాగితాన్ని పూర్తిగా చదవకుండా సంతకం పెట్టాడు. బ్యాంకులో కూర్చుని ఊరివాళ్ల కాగితాలు చూసిన మనిషి తన కాగితం చదువుకోలేదు! మనుషుల్ని నమ్మాడు, అంతే.

తర్వాత కంపెనీ పెద్దదైంది. పగ్గాలు అల్ బెల్ చేతికి వెళ్లాయి. అతనికీ ఎస్టెల్‌కూ పొసగలేదు. 1969లో ఆమె వాటా వదులుకుని బయటికొచ్చింది. ఇల్లు తాకట్టు పెట్టి నిలబెట్టిన సంస్థ నుంచి బయటికి రావడం ఎంత చేదుగా ఉంటుందో ఊహించుకోవచ్చు. కానీ అదే ఆమెను కాపాడింది. జిమ్ మాత్రం అప్పుల్లో మునిగిన స్టాక్స్‌కు సొంత ఆస్తి పూచీకత్తుగా పెట్టాడు. 1975 డిసెంబరులో కంపెనీ దివాలా తీసింది. తాళం వేయించింది యూనియన్ ప్లాంటర్స్ బ్యాంకు. ఒకప్పుడు అక్క ఉద్యోగం చేసిన బ్యాంకే. జిమ్ ఇల్లు కూడా పోయింది.

1974లో కొడుకు ప్యాకీ చనిపోయాడు. ఎస్టెల్ ఆగలేదు. ఫ్రెటోన్ అనే చిన్న కంపెనీ పెట్టింది. 1976లో దేశంలో మొదటి స్థానానికి చేరిన డిస్కో డక్ అనే సరదా పాట ముందుగా బయటికొచ్చింది అక్కడి నుంచే.

పాత సినిమా హాలును 1989లో కూల్చేశారు. ఖాళీ స్థలం చాలాకాలం అలాగే పడి ఉంది. 2003లో అక్కడే, అదే ఆకారంలో స్టాక్స్ మ్యూజియం లేచింది. స్టూడియో నేలను మళ్లీ వాలుగానే కట్టారు. పక్కనే పేట పిల్లలకు సంగీత శిక్షణాలయం. మరుసటి ఏడాది ఫిబ్రవరి 24న, 85 ఏళ్ల వయసులో, మెంఫిస్‌లోనే ఎస్టెల్ కన్నుమూసింది. బడి వదిలాక వాద్యాలు పట్టుకుని ఆ పేట పిల్లలు ఇప్పటికీ ఆ శిక్షణాలయానికి వస్తున్నారు.