కోకా సుబ్బారావు గారి తీర్పుల వెనుక

రాజమండ్రిలో 1902 జూలై 15న జన్మించి, భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అధిష్ఠించిన కోకా సుబ్బారావు గారి పేరు చెప్పగానే న్యాయవాదులకు గుర్తొచ్చేది గోలక్‌నాథ్ కేసు. ప్రాథమిక హక్కులను హరించే సవరణలు చేసే అధికారం పార్లమెంటుకు లేదని 1967 ఫిబ్రవరి 27న పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఇటు ఆరుగురు, అటు ఐదుగురు.

నెలన్నర తిరక్కుండానే, ఏప్రిల్ 11న, సుబ్బారావు గారు రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచారు. పదవీ విరమణకు మూడు నెలలే మిగిలి ఉన్నాయి. డాక్టర్ జాకీర్ హుసేన్ చేతిలో ఓడిపోయారు. దాంతో తీర్పు రాసేటప్పుడు ఆయన మనసులో ఏముందన్న సందేహానికి తావిచ్చినట్లయింది. ఆ తొందర ఆయనకు శోభించలేదనే చెప్పాలి.

అయితే పాత తీర్పులు చూస్తే సంగతి వేరు. మద్రాసు హైకోర్టులో 1948లో న్యాయమూర్తి అయి, 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టును నెలకొల్పి, 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఉత్తరప్రదేశ్‌లో ఖడక్ సింగ్ అనే వ్యక్తిపై దోపిడీ కేసు నిలవకపోయినా పోలీసులు నిఘా మానలేదు. రాత్రిళ్ళు తలుపు తట్టేవారు. రాత్రి సోదాలు మాత్రమే చెల్లవని 1962లో అధిక సంఖ్యాకులు అన్నారు. నిఘా మొత్తం చెల్లదని, వ్యక్తి ఏకాంతం కూడా స్వేచ్ఛలో భాగమేనని సుబ్బారావు గారు విడిగా రాశారు. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించారు. అప్పటికి రాష్ట్రపతి ఎన్నిక ఊసే లేదు.

అలాగని ఫలితాలు చూడకుండా సూత్రం పట్టుకుని వేలాడే మనిషీ కారు. గోలక్‌నాథ్ తీర్పును వెనక్కి వర్తింపజేస్తే దేశమంతటా భూసంస్కరణలు తలకిందులయ్యేవి. అందుకే పాత సవరణలు చెల్లుతాయి, ఇకమీదట మాత్రం కుదరదన్నారు. అమెరికా కోర్టుల నుంచి తెచ్చుకున్న పద్ధతి అది. పంజాబుకు చెందిన గోలక్‌నాథ్ కుటుంబం వాదం నెగ్గినా భూమి మాత్రం దక్కలేదు. ఆ తీర్పును 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టే తోసిపుచ్చినా, రాజ్యాంగ మౌలిక స్వరూపం జోలికి పోరాదని పార్లమెంటుకు వేరే హద్దు గీసింది.

ఎమర్జెన్సీలో నిర్బంధితులు కోర్టు తలుపు తట్టే వీల్లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు చెప్పింది. ఎనిమిది రోజులకు, మే 6న, సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ తీర్పునూ, ఖడక్ సింగ్ కేసులో ఏకాంతం హక్కు కాదన్న మాటనూ తొమ్మిది మంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఒకేసారి కొట్టివేశారు.