కాటన్ దొర వేసిన లెక్క

మా అంబాజీపేటలో కొబ్బరికాయ ధర అందరికీ తెలుసు. ఆ చెట్టు తాగిన నీటి విలువ ఎంతో ఎవరూ అడగరు. ఆ నీటికి విలువ కట్టి చూపిన మహనీయుడు సర్ ఆర్థర్ కాటన్.

1803లో ఇంగ్లండులో పుట్టిన కాటన్ 1821లో మద్రాసు వచ్చారు. తంజావూరు సీమలో కొల్లడం నదిపై ఆనకట్టలు కట్టి పేరు గడించారు. అప్పటికి మన గోదావరి సీమ 1833 కరువుతో, 1839 ఉప్పెనతో చితికిపోయి ఉంది. 1844లో ఆయన సర్కారుకు నివేదిక పంపారు. జాలి చూపమనలేదు, లెక్క చూపారు. నీటిని కట్టుకున్న తంజావూరు కళకళలాడుతోంది, జీవనది పక్కనే ఉన్న రాజమండ్రి జిల్లా ఎండిపోతోంది. ఆనకట్ట ఖర్చు కన్నా కట్టకపోతే వచ్చే నష్టమే ఎక్కువని తేల్చారు.

1847లో ధవళేశ్వరం వద్ద పని మొదలైంది. వీణం వీరన్న గారి వంటి మనవాళ్లు, వేలాది కూలీలు చెమటోడ్చగా 1852 నాటికి ఆనకట్ట నిలిచింది. లంకల సీమ అన్నపూర్ణ అయింది. 1899లో కాటన్ కన్నుమూశారు.

అయితే ఆ ఖాతాలో చేరని పద్దులున్నాయి. ఏటికి ఎదురీదే పులసకు దారి ఆనకట్టతోనే ఆగింది. ఉప్పెన జోరు తగ్గించే, చేపపిల్లల్ని సాకే కోరంగి మడ అడవికి ఏ మార్కెట్టులోనూ ధర లేదు. మురుగు కాలవల్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 2011లో కోనసీమ రైతులు పంట విరామంతో చూపించారు.

మిత్రులారా, కాటన్ విగ్రహానికి దండ వేస్తే చాలదు. ఆయన విడిచిన పద్దులు రాయడం సైన్సు చదివే మన వంతు గదా!