రాళ్లు పట్టుకున్న జనం ముందు చాంబర్లేన్ దొర

విశ్వాసికి ఎవరినైనా ద్వేషించే హక్కు ఉందా? ఆదివారం ఆరాధన ముగిశాక గుడి మెట్ల మీద, ఇంటి ప్రార్థన అయ్యాక టీ తాగే వేళ, ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో మన మధ్యకు వస్తూనే ఉంది. కరపత్రాలు పంచుతున్న మన పిల్లల మీద ఎవరో చేయి చేసుకున్నారని విన్నప్పుడు వస్తుంది. సంఘం ఆస్తి విషయంలో తోటి పెద్ద కోర్టుకెక్కినప్పుడు ఇంకా గట్టిగా వస్తుంది. క్షమించమంటే క్షమిస్తాం, మనసులో అసహ్యించుకోవడానికి కూడా వీల్లేదా అని అడిగేవారిని తేలిగ్గా తీసిపారేయకూడదు. వారు దెబ్బ తిన్నవారు. అలాంటివారికి సిద్ధాంతం వివరించడం కంటే, మన పలమనేరు, మదనపల్లెల్లో తిరిగి ఇక్కడే కన్నుమూసిన ఒక దైవజనుని కథ చెప్పడం మేలనిపిస్తుంది.

డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ 1835 ఏప్రిల్ 13న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, షారన్ అనే ఊరిలో పుట్టారు. పెరిగింది ఒహాయో రాష్ట్రంలోని హడ్సన్‌లో. వెస్టర్న్ రిజర్వ్ కాలేజీలో 1856లో పట్టా పుచ్చుకుని, న్యూ బ్రన్స్‌విక్ సెమినరీలో వేదాంతం చదివి, దానితో పాటు వైద్యం కూడా నేర్చుకున్నారు. 1859 చివర భార్య షార్లెట్‌తో కలిసి ఓడ ఎక్కారు. వారిని పంపింది అమెరికాలోని రిఫార్మ్‌డ్ సంఘం. ఆ సంఘానికి చెందిన స్కడర్ సోదరులు 1853లో వేలూరు, చిత్తూరు ప్రాంతాల్లో ఆర్కాట్ మిషన్‌ను అప్పటికే స్థాపించి ఉన్నారు.

1860 ఎలాంటి కాలమో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1857 తిరుగుబాటు అణగి ఎంతో కాలం కాలేదు. రెండు వైపులా నెత్తురు పారింది. ఆంగ్లేయుల పత్రికల్లో ఈ దేశస్థుల మీద పగ బాహాటంగా కనిపించేది, ఇక్కడి జనం గుండెల్లో తెల్లవాడంటే కసి ఉండేది. తెల్లవాడు ఈ దేశస్థుణ్ణి ద్వేషించడానికి, ఈ దేశస్థుడు తెల్లవాణ్ణి ద్వేషించడానికి కారణాలు వెతుక్కోనక్కర లేని రోజులవి. ఆ రోజుల్లో పాతికేళ్ల యువకుడు పలమనేరులో దిగి తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాడు.

తెలుగు ఆయనకు బాగా పట్టుబడింది. ఎంతగా అంటే, బోధలో వేమన పద్యాలు ఎత్తుకునేవారు, కొన్నిటిని ఇంగ్లీషులోకి కూడా మార్చారు. వినేవాడి ఇంటి మాటతోనే వాడి మనసు తలుపు తట్టడం ఆయన పద్ధతి. 1863లో మదనపల్లెకు మారారు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక అందులో చేరింది. ఆ తర్వాత ఆయన పరిచర్యకు మదనపల్లే ముఖ్య స్థానమైంది.

ఆ 1863లోనే ఆయన ఒక పెద్ద ప్రయాణం పెట్టుకున్నారు. నలుగురు దేశీయ సహకారులను వెంటబెట్టుకుని, బండ్లలో సువార్త ప్రతులు నింపుకుని, నిజాము రాజ్యం మీదుగా గోదావరి దాటి మధ్య ఇండియా వరకు వెళ్లారు. మొత్తం దాదాపు 1,200 మైళ్లు. ఈ ప్రయాణంలోని పులుల అడవి, వరదలో చిక్కుకున్న రాత్రి, సరిగ్గా వేళకు దొరికిన పడవ, ఇవన్నీ ఆయన తర్వాత రాసిన పుస్తకంలో ఉన్నాయి. సండే స్కూళ్లలో ఆ పడవ కథ చెబుతుంటారు కూడా. అదే ప్రయాణంలో ఒక ప్రహరీ పట్టణంలో జరిగిన సంగతి అంత తరచుగా వినం. మన ప్రశ్నకు కావలసింది అదే.

అది నిజాము రాజ్యం. బ్రిటిషు కలెక్టరుగాని, పోలీసుగాని దగ్గర్లో లేరు. చాంబర్లేన్, సహకారులు బజారులో నిలబడి బోధించి సువార్త ప్రతులు అమ్మజూపారు. జనం మూగారు. వారికి కోపం వచ్చింది. వెళ్లిపొమ్మన్నారు. తాను తెచ్చిన వర్తమానం చెప్పకుండా వెళ్లలేనని ఆయన అన్నారు. వీధిలో పరిచిన రాళ్లు పెకలించి చేతుల్లోకి తీసుకున్నారు. మొదటి రాయి విసరమని ఒకరినొకరు ఉసిగొల్పుకుంటున్నారు.

ఆ జనాన్ని రాక్షసులుగా చిత్రించి చెప్పడం బోధకులకు సులువు. నాకు అది సరికాదనిపిస్తుంది. వారి వైపు నుంచి చూస్తే, ఎన్నడూ చూడని ఒక పరదేశి తమ ఊరి నడిబొడ్డున నిలబడి తమ తాతముత్తాతల కొలుపు తప్పని చెబుతున్నాడు. కోపం రావడంలో వింత ఏముంది? రాయి ఎత్తడం తప్పు, కోపం అర్థం కానిది మాత్రం కాదు. ఆ రెంటి మధ్య తేడాను చాంబర్లేన్ ఆ క్షణంలో చూడగలిగారని నేననుకుంటాను. ఎందుకంటే ఆయన తిరిగి గద్దించలేదు, శాపనార్థాలు పెట్టలేదు, వారి దేవతల జోలికి మళ్లీ పోలేదు. ఒక్క కథ చెప్పనివ్వండి, ఆ తర్వాత మీ ఇష్టం వచ్చినట్లు కొట్టండి అని అడిగారు. కథ అనేసరికి మనవాళ్ల చెవులు నిలబడతాయి గదా. సరే చెప్పమన్నారు.

ఆయన ప్రభువు కథ చెప్పారు. పశువుల తొట్టిలో పుట్టుక మొదలుకుని, రోగులను తాకిన చేతుల గురించి, పేదలతో కూర్చుని తిన్న భోజనాల గురించి, చివరికి ఆ చేతుల్లోనే దిగిన మేకుల గురించి తెలుగులో చెప్పుకుంటూ పోయారు. తనను కొట్టినవారి కోసమే తండ్రిని వేడుకున్న ప్రభువు దగ్గరికి వచ్చేసరికి జనంలో చాలామంది కళ్లు చెమర్చాయి. రాళ్లు పట్టుకున్నవారు ఒక్కొక్కరే పక్కకు జరిగి వాటిని వీధి కాలువలో పడేయడం ఆయన చూశారు. కథ ముగించి, ఇక కొట్టండి అన్నారు. ఎవరూ కొట్టలేదు. పుస్తకాలు కొన్నారు.

ఈ సంగతిని మనం ఎలా అర్థం చేసుకుంటామన్నదే ముఖ్యం. ప్రేమ చూపిస్తే శత్రువు కరుగుతాడు అనే చిట్కాగా దీన్ని తీసుకుంటే పొరపాటే. స్తెఫను కూడా తనను కొట్టేవారి కోసం ప్రార్థించాడు. అక్కడ రాళ్లు కాలువలో పడలేదు, అతని మీదే పడ్డాయి. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్ గారు, ఇద్దరు పసికొడుకులు వాహనంలోనే కాలిపోయారు. వారి విషయంలో ఏ గుంపూ కరగలేదు. అయినా గ్లాడిస్ గారు హంతకులను క్షమించానన్నారు. న్యాయస్థానం తన పని తాను చేసింది, నేరం రుజువైనవారికి శిక్ష పడింది. క్షమించిన విధవరాలు ఒకవైపు, శిక్ష వేసిన న్యాయాధిపతి మరోవైపు ఉండటంలో వైరుధ్యం ఏమీ లేదు. పౌలు సైతం కైసరుకు చెప్పుకున్నాడు. దెబ్బలు తిన్న సంఘం పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వడం ద్వేషం అని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కరలేదు. ఆ ఫిర్యాదు రాసే చేతి వెనక అవతలివాడు నాశనమైపోవాలన్న కోరిక ఉందా లేదా అన్నదొక్కటే చూసుకోవలసింది.

పెద్ద ప్రయాణం నుంచి చాంబర్లేన్ అడవి జ్వరంతో తిరిగి వచ్చారు. ఆ జ్వరం జీవితమంతా ఆయనను వదలకుండా పీడించింది. ఆరోగ్యం కోసం స్వదేశానికి వెళ్లవలసి వచ్చేది, మళ్లీ మదనపల్లెకే తిరిగి వచ్చేవారు. పలమనేరులో, మదనపల్లెలో వైద్యశాలలు పెట్టారు. పగలు బజారులో తనను తిట్టినవాడు రాత్రి బిడ్డను ఎత్తుకుని మందుకోసం వస్తే నాడి పట్టి చూడాలి. ఒకసారి రాళ్ల ముందు నిలబడటం కంటే ఇదే కష్టమని నాకు తోస్తుంది. రాళ్ల ముందు ధైర్యం ఒక గంట సేపు ఉంటే సరిపోతుంది. ఆసుపత్రి గడపలో అది రోజూ కావాలి.

ఆయన రాసిపెట్టిన మరొక సంగతి ఇక్కడ చెప్పాలి. ఒక సభలో దాదాపు రెండు వందల మంది, ఎక్కువమంది బ్రాహ్మణులు, ఉద్యోగులు, విద్యార్థులు కూర్చుని ఉండగా, పండితుడైన ఒక బ్రాహ్మణుడు లేచి మిషనరీల గురించి మాట్లాడాడట. ఆయన క్రైస్తవుడు కాడు. దారి పక్క మామిడిచెట్టుతో పోల్చాడు. కాయ పండబారిన నాటి నుంచి దారిన పోయే ప్రతివాడూ కర్రలు, రాళ్లు విసురుతాడు, ఆకు రాలుతుంది, కొమ్మ విరుగుతుంది, కాపు అయ్యేసరికి చెట్టు కింద రాళ్ల గుట్ట మిగులుతుంది. మళ్లీ ఏడు మళ్లీ కాస్తుంది. వీళ్లూ అంతే, మనం ఎంత అవమానించినా మందివ్వడం మానరు, దీనికి కారణం వారి బైబిలే అయి ఉంటుంది అన్నది ఆయన మాటల సారాంశం. మామిడితోటల మధ్య బ్రతికే చిత్తూరు సీమవారికి ఆ పోలిక విడమరచి చెప్పనక్కరలేదు. తోతాపురి కాయల కాలంలో రోడ్డు పక్క చెట్టు అవస్థ మనకు తెలిసిందే.

అయితే చాంబర్లేన్ గారిని తప్పులేని పరిశుద్ధునిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఇక్కడి ఆచారాల గురించి ఆయన పుస్తకాల్లో వాడిన భాష నేటి పాఠకునికి అక్కడక్కడ గుచ్చుకుంటుంది. ఈ దేశాన్ని చీకటి దేశంగా చూసే ఆ కాలపు మిషనరీ అలవాటు ఆయనలోనూ ఉంది. ఆచారాన్ని అసహ్యించుకోవడం, మనిషిని అసహ్యించుకోవడం వేరువేరని మనం చెబుతాం. చెప్పినంత సులువు కాదు. మొదటిది మెల్లగా రెండోదానిలోకి జారుతుంది, జారిందని మనకే తెలియదు. మన ప్రసంగ వేదికల మీద ఇతర మతస్థుల గురించి కొందరు మాట్లాడే తీరు వింటే ఆ జారుడు ఎంత దూరం వచ్చిందో అర్థమవుతుంది. చాంబర్లేన్‌ను దాని నుంచి కాపాడింది మనుషులతో ఆయనకున్న దగ్గరితనమే అనుకుంటాను. నాడి పట్టి చూసిన మనిషిని, వేమన పద్యం కలిసి చెప్పుకున్న మనిషిని ద్వేషించడం కష్టం.

1873 నుంచి 1894 వరకు తెలుగు బైబిలు సవరణ కమిటీకి ఆయన అధ్యక్షులు. లేఖనపు మాటలను ఒక్కొక్కటిగా తూచే పనిలో ఉన్నవారెవరూ ద్వేషం అన్న మాటను తప్పించుకుపోలేరు. దేవుణ్ణి ద్వేషించేవారిని తానూ ద్వేషిస్తున్నానని 139వ కీర్తనలో దావీదు అంటాడు. తల్లిదండ్రులను ద్వేషించకపోతే శిష్యుడు కాలేడన్నట్టు ప్రభువే లూకా 14లో అంటాడు. కొంతమంది ఈ రెంటినీ పట్టుకుని, చూశారా, ద్వేషానికి అనుమతి ఉంది అంటారు. కీర్తనను అక్కడే ఆపేస్తారు గాని, వెంటనే దావీదు తన హృదయాన్నే పరిశోధించమని, తనలో చెడ్డ మార్గం ఉందేమో చూడమని దేవుణ్ణి అడుగుతాడని చెప్పరు. లూకాలోని మాట ప్రభువు కంటే ఎవరినీ ఎక్కువగా ప్రేమించకూడదన్న అర్థమని మత్తయి 10 చూసినవారికి తెలుస్తుంది. తల్లిని సన్మానించమన్న ఆజ్ఞను ప్రభువు కొట్టివేయలేదు, సిలువ మీద ఉండి కూడా తల్లిని శిష్యునికి అప్పగించాడు. ఇక సహోదరుని ద్వేషించేవాడు నరహంతకునితో సమానమని యోహాను తన మొదటి పత్రికలో రాసినప్పుడు దానికి మినహాయింపు ఏదీ పెట్టలేదు.

సహోదరుడు అన్న మాట దగ్గరే మనకు అసలు చిక్కు. బయటి గుంపును క్షమించడం మనకు కొంత గర్వంగా కూడా ఉంటుంది, సాక్ష్యంలో చెప్పుకోవచ్చు. పాస్టరేటు కమిటీ ఎన్నికలో ఓడించినవాణ్ణి, స్థలం కాగితాల మీద వేరే పేరు రాయించుకున్నవాణ్ణి, బల్ల దగ్గర మన పక్కనే మోకరించినవాణ్ణి క్షమించడం ఏ పత్రికలోనూ రాదు. అక్కడ ద్వేషానికి మనం పెట్టుకునే పేరు న్యాయం కోసం పోరాటం. నిజంగా పోరాటమే అయితే కేసు నడుస్తున్నా అతని ఇంట్లో చావు జరిగితే వెళ్లగలగాలి.

చాంబర్లేన్ జీవితం చివరి భాగం ఈ ఇంటిగొడవల దగ్గరే గడిచిందని చెప్పవచ్చు. ఆ రోజుల్లో ఒక్కొక్క మిషన్‌ది ఒక్కొక్క కంచె. ఒకరి విశ్వాసిని మరొకరు తీసుకున్నారని తగువులు, ఒకరి బాప్తిస్మం మరొకరికి చాలదని అనుమానాలు. ఈ దేశంలోని సంఘాలు అమెరికా, స్కాట్లండు దేశాల పాత విభజనలను మోయనక్కరలేదని, ఇక్కడ ఒక్కటి కావాలని ఆయన చాలా కాలం వాదించారు. స్వదేశంలోని తన సొంత సంఘానికి, 1878లో తనను జనరల్ సినడ్ అధ్యక్షునిగా ఎన్నుకున్న సంఘానికి, ఆ మాట అంత రుచించేది కాదు. అయినా వదల్లేదు. 1901లో ఆర్కాట్ మిషన్ సంఘాలు, స్కాటిష్ మిషన్‌కు చెందిన ప్రెస్బిటీరియన్ సంఘాలు దక్షిణ ఇండియాలో కలిశాయి.

1908 మార్చి 2న ఆయన మదనపల్లెలో ప్రభువునందు నిద్రించారు. ఆ సంవత్సరమే, కొద్ది నెలలకు, కాంగ్రిగేషనల్ సంఘాలు కూడా చేరి దక్షిణ ఇండియా ఐక్య సంఘం మద్రాసులో ఏర్పడింది. 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసినవాటిలో అదీ ఒకటి.