తోటపల్లి బ్యారేజీకి పేరైన రైతు నేత గౌతు లచ్చన్న

గరుగుబిల్లి: నాగావళి నదిపై తోటపల్లి వద్ద నిర్మించిన బ్యారేజీకి సర్దార్ గౌతు లచ్చన్న పేరు పెట్టారు. ఆ నీటితో పొలం తడుపుకునే రైతు కుటుంబాల్లోని పిల్లలు ఆయన చరిత్ర తెలుసుకోవలసి ఉంది.

లచ్చన్న 1909 ఆగస్టు 16న సోంపేట ప్రాంతంలోని బారువలో జన్మించారు. తల్లిదండ్రులు రాజమ్మ, చిట్టయ్య. కల్లుగీతపై బతికే కుటుంబం వారిది. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో చేరి జైలుకు వెళ్లారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలోనూ జైలు శిక్ష అనుభవించారు.

ఆనాడు జిల్లాలో చాలా భాగం జమీందారుల చేతిలో ఉండేది. దున్నేది రైతు, శిస్తు కట్టేది రైతు. అడవిలో కట్టె కొట్టుకోవడానికి కూడా ఆంక్షలే. ఆచార్య ఎన్.జి. రంగా అనుచరునిగా లచ్చన్న రైతు ఉద్యమంలో పనిచేశారు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. ఆ వెంటనే ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో జరిగిన పోలీసు కాల్పులకు గర్భిణి అయిన గున్నమ్మ, మరికొందరు రైతులు బలయ్యారు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. ఆ తరువాతే జమీందారీలు అంతరించాయి.

స్వాతంత్ర్యం వచ్చినా లచ్చన్న పోరాటం ఆగలేదు. మద్యనిషేధం వల్ల ఉపాధి పోయిన గీత కార్మికుల కోసం 1954లో ఉద్యమం నడిపారు. అదే ఏడాది నవంబరులో మద్యనిషేధం విషయంపైనే ప్రకాశం పంతులు ప్రభుత్వం శాసనసభలో ఒక్క ఓటుతో పడిపోయింది. 1955లో బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో లచ్చన్న మంత్రి అయ్యారు. సోంపేట ప్రజలు ఆయనను పలుమార్లు శాసనసభకు పంపారు. 1967లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానానికి కూడా ఎన్నికై, దానిని గురువు రంగా కోసం వదులుకున్నారు. అత్యవసర పరిస్థితిలో నిర్బంధానికి గురయ్యారు. 1978 తరువాత శాసనసభలో ప్రతిపక్ష నాయకునిగా ఉన్నారు. వెనుకబడిన తరగతులను సంఘటితం చేసిన ఆయనను జనం సర్దార్ అని పిలుచుకున్నారు. 2006 ఏప్రిల్ 19న విశాఖపట్నంలో కన్నుమూశారు.

తోటపల్లిలో 1908 నుంచి పాత రెగ్యులేటరు ఉండేది. దాని కింద సుమారు 64,000 ఎకరాలు పండేవి. కాని నీరు నిలవ చేసే వీలు లేక, ఒడిశా కొండల నుంచి దిగే వరద సముద్రం పాలయ్యేది. 2003లో కొత్త బ్యారేజీకి శంకుస్థాపన జరిగింది. 2015 సెప్టెంబరు 10న దానిని జాతికి అంకితం చేశారు. నిలవ సామర్థ్యం సుమారు రెండున్నర టీఎంసీలు. పాత ఆయకట్టును స్థిరపరచి, మరో లక్షా ఇరవై వేల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. 2022లో ఈ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది.

ఆ నీరు నిలవడానికి గరుగుబిల్లి, కొమరాడ, జియ్యమ్మవలస మండలాల ప్రజలు ఇళ్లు, పొలాలు వదులుకున్నారు. దిగువన చీపురుపల్లి వైపు మెట్ట రైతులు కాలువ కోసం ఎదురుచూశారు. నీరు ఇచ్చినవారికి న్యాయం, అడిగినవారికి నీరు అందాలి. దున్నేవాని హక్కు కోసం జైళ్లకు వెళ్లిన మనిషి పేరు గట్టుపై రాసినందుకు అదే సార్థకత. శివారు మడి తడిసినప్పుడే, నిర్వాసితుని గుమ్మంలో దీపం వెలిగినప్పుడే లచ్చన్నకు నిజమైన నివాళి.