కీర్తిశేషులు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

గర్భిణీ స్త్రీలకు డాక్టరు రాసి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. దాని వెనుక ఒక తెలుగువాని శ్రమ ఉన్నదని మాత్రం మన పిల్లలలో ఎందరికి తెలుసునో సందేహమే. ఆ మహనీయుడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఇంట్లో బిడ్డలు ఎక్కువ, రాబడి తక్కువ. చిన్ననాట ఒకసారి కాశీయాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు విడిచి పారిపోయారట. తల్లి పట్టుదల వల్ల మళ్ళీ బడిలో పడ్డారు.

మెట్రిక్యులేషను గట్టెక్కడానికి ఆయనకు మూడు ప్రయత్నాలు పట్టినవి. ఆ మూడవది మదరాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలులో. అరవనాట స్థిరపడిన మనవారికి ఆ బడి పరిచయమైనదే. తరువాత ప్రెసిడెన్సీ కళాశాల, అటుపిమ్మట మదరాసు వైద్య కళాశాల. 1919లో శేషగిరమ్మ గారితో వివాహమైనది. చదువు ఖర్చును మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు భరించారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు అంగీతో శస్త్రచికిత్స తరగతికి వెళ్ళినందుకు తెల్లదొర ఆచార్యునికి కోపం వచ్చింది. ఫలితంగా ఎం.బి.బి.యస్. పట్టా బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.యస్. మాత్రమే దక్కినది.

ఇంతలో ఇంట పిడుగు పడింది. స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో సోదరులిద్దరు కొద్దిరోజుల ఎడంలోనే కన్నుమూశారు. అదే రోగం తనకూ తగులగా డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స వలన కోలుకున్నారు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం శరీరశాస్త్రం బోధించారు. అయితే తమ్ముణ్ణీ అన్ననూ మింగిన జబ్బుకు మందేమిటన్న ప్రశ్న ఆయనను వదలలేదు. మామగారి సాయంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతోను 1922లో అమెరికాకు ప్రయాణమయ్యారు. చదువు ముగించుకొని వస్తానని భార్యతో చెప్పి ఓడ ఎక్కారు.

బోస్టన్‌లో హార్వర్డు ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చేరారు. పూట గడవడానికి రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే కొలువు చేశారు. డిప్లొమా వచ్చాక జీవరసాయన శాఖలో ఆచార్య ఫోలిన్ గారి ప్రాపకంలో సైరస్ ఫిస్కె అనే శాస్త్రజ్ఞుని వద్ద పరిశోధక విద్యార్థి అయ్యారు. ఆయన జీవితంలో ఈ ఘట్టమే నాకు అన్నిటికంటె ముచ్చటైనది.

రక్తంలోను కండరాలలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలవడం ఆనాడు జాగుతో కూడిన పని. ఫిస్కె, సుబ్బారావు గార్లు 1925లో ఒక సులువైన పద్ధతి ప్రకటించారు. మాంసకృత్తులు తీసివేసిన ద్రవంలో ఆమ్లంతో పాటు మాలిబ్డేటు కలిపి, మరొక రసాయనం చేరిస్తే నీలిరంగు తేలుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే రంగు అంత చిక్కన. నేటికీ జీవరసాయన విద్యార్థులు ఈ పద్ధతిని వారిద్దరి పేరుతోనే నేర్చుకొంటారు.

కండరం నుండి తీసిన ద్రవానికి ఈ పరీక్ష చేస్తే ఒక వింత కనబడింది. రంగు ఒక్కసారిగా రావలసినది పోయి, తాపీగా నిమిషం నిమిషానికీ చిక్కబడసాగింది. తొందరపాటు మనిషైతే చివరి లెక్క రాసుకొని ఇంటికి పోయేవాడు. వీరు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఆమ్లంలో మెల్లగా విరిగిపోతూ భాస్వరాన్ని విడుదల చేస్తున్న పదార్థమేదో లోపల దాగి ఉన్నదన్నమాట! అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసేటప్పుడు తరిగి, విశ్రాంతి వేళ మళ్ళీ నిండే శక్తినిధి అది. 1927లో దాన్ని ప్రకటించారు. కండరశక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం దీనితో సడలిపోయింది. 1922 నోబెల్ బహుమతి పొందిన పరిశోధనలు ఆ సిద్ధాంతాన్నే నిలబెట్టినవి.

1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అంటే ఎ.టి.పి.ని, వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ గారు కూడా దానిని కనుగొన్నారు. ప్రాణి తిన్న తిండిని పనిగా మార్చే నాణెం ఇదే. నేడు సూక్ష్మజీవుల జన్యువులను మార్చి వాటిచేత మందులు చేయిస్తున్న విద్యార్థులు కూడ, తమ జీవి ఒక్కొక్క అణువుకు ఎంత ఎ.టి.పి. ఖర్చు పెడుతున్నదో లెక్క చూసుకోనిదే అడుగు వేయలేరు.

1930లో డాక్టరేటు వచ్చింది. పేరు రావలసినంత రాలేదు. ఆ ప్రయోగశాలలోనే చదువుకొని 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ గారు, ఫిస్కె అసూయ వల్ల సుబ్బారావు గారి పరిశోధనలు కొన్ని వెలుగు చూడలేదనీ, వాటిని ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందనీ చెప్పారు. ఫిస్కె పక్షం వినడానికి ఇప్పుడు అవకాశం లేదు. ఏమైనా హార్వర్డులో స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీలో చేరి, త్వరలోనే పరిశోధనశాఖకు నాయకులైనారు.

అక్కడ ఎనిమిదేళ్ళలో జరిగిన పని ఒక ఆయుర్దాయానికి సరిపోతుంది. ఫోలిక్ ఆమ్లాన్ని కార్జం నుండి తీయాలంటే టన్నులకొద్దీ సరుకు కావాలి. ఆయన బృందం సూక్ష్మజీవులను పులియబెట్టిన ద్రవం నుండి కూడ ఆ జాతి పదార్థాన్ని రాబట్టింది. 1945లో దాని నిర్మాణం తేల్చి కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధి ఈ మందుకు లొంగుతుందని మరుసటి ఏడాదికల్లా వైద్యులు చూపారు. ఆ వార్త ఆయనకు ఎట్లా తాకి ఉంటుందో ఊహించుకోవలసిందే.

ఆ అణువునే కాస్త మార్చి చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు పిల్లలకు ఇచ్చారు. పదహారుమందిలో పదిమందికి తాత్కాలికంగా నెమ్మదించినట్లు 1948 జూన్‌లో ప్రకటించారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉన్నది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, డగ్గర్ గారు మట్టిలోని సూక్ష్మజీవి నుండి తీసిన ఆరియోమైసిన్, ఇవీ ఆయన నాయకత్వంలో వెలువడినవే.

1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి పరమపదించారు. వయస్సు యాభైమూడు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. 1953లో లెడర్లీవారు ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసెస్ అని పేరు పెట్టారు. 1995లో మన తపాలాశాఖ ఆయన బిళ్ళ విడుదల చేసింది. ఆయన ఓడ ఎక్కిన తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను ఆయన కళ్ళజూడలేదు. శేషగిరమ్మ గారు ఆ ఇరవై ఆరేళ్ళూ ఇక్కడే ఉన్నారు. 1922లో సాగనంపిన భర్తను ఆమె మళ్ళీ చూడలేదు.